పావుసేరు బెల్లానికి సేరున్నర చెయ్యి

కుడిచెయ్యి పడిపోయినప్పుడు నేను పెద్దగా ఏడవలేదు. ఎడమచేతికి నొప్పి మొదలైనప్పుడు మాత్రం దుకాణం వెనక బెల్లం బుట్టల మధ్య కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఒక చెయ్యి లేకుండా బతకడం అప్పటికే నేర్చుకున్నాను. రెండూ లేకపోతే ఎట్లా బతకాలో నాకు తెలియదు.

మాది మట్టెవాడలో బెల్లం దుకాణం. అవి యుద్ధం నడుస్తున్న రోజులు. చక్కెర కంట్రోలులోకి పోవడంతో జనమంతా బెల్లం మీద పడ్డారు. మామగారు పోయాక వ్యాపారం మా బావగారి చేతికీ, మా ఆయన చేతికీ వచ్చింది. బావగారు వెనక కొట్లో టోకు బేరాలు చూసేవాడు. మా ఆయన ఊళ్లు తిరిగి, బెల్లం వండే చోటికే పోయి సరుకు కొనుక్కొచ్చేవాడు. ముందు దుకాణంలో చిల్లర అమ్మకం నాది. మా ఇళ్లలో ఆడవాళ్లు దుకాణంలో కూర్చోవడం కొత్తేమీ కాదు. మా అత్త తన వయసులో ఆ చాప మీదే కూర్చుంది. మోకాళ్లు పట్టేశాక తరాజు నాకిచ్చి, ముల్లు నిలబడకముందు దించితే నీ చేతులు విరగ్గొడతానని చెప్పి లోపలికి పోయింది.

నాకు ఆ పని మీద ఎంత గర్వమో చెప్పడానికి సిగ్గుపడను. బెల్లం ముద్దను అరచేతిలో పెట్టుకుంటే చాలు, అది అద్దసేరుకు ఎంత తక్కువో చెప్పేదాన్ని. నా దగ్గర కొన్న సరుకును ఇంటికి పోయి మళ్లీ తూచుకున్నవాళ్లు లేరు. నోరు కాస్త దురుసు, అది కూడా ఒప్పుకుంటాను. బేరమాడేవాళ్లకు నా దగ్గర రెండు మాటలు ఎక్కువే పడేవి. అయినా మళ్లీ నా దగ్గరికే వచ్చేవాళ్లు.

చెయ్యి పోవడం బండి మీద జరిగింది. ఆ ఏడు ఎండాకాలంలో మరిపెడలో ఉన్న మా అక్క ఇంటికి పోయి తిరిగి వస్తున్నాం. ఒక వాగు దిగే చోట ఎడ్లు బెదిరి బండి ఒక పక్కకు ఒరిగింది. నేను వెనక కూర్చున్నాను. పడిపోతూ పడిపోతూ బండి పక్క గూటపు కొయ్యను కుడిచేత్తో పట్టుకున్నాను. వదిలేస్తే ఇసుకలో పడి, ఒళ్లు దులుపుకుని లేచేదాన్నేమో. వదలలేదు. బండి ఒక దిక్కుకు పోయింది, నా ఒళ్లు ఇంకో దిక్కుకు పోయింది. మెడ నుంచి వేళ్ల చివరిదాకా మంట పాకింది. ఆ తర్వాత అక్కడ చెయ్యే లేనట్టు అయిపోయింది.

కట్లు కట్టేవాడు వచ్చి ఎముకలన్నీ తడిమి, ఏదీ విరగలేదని సంతోషంగా చెప్పాడు. ఆకులు నూరి కట్టాడు, నూనెలు మర్దన చేశాడు. అవేవీ పనిచేయకపోయేసరికి ఇది వాయువని, ఒక పక్క దిగిన వాయువు ఇంకో పక్కకు కూడా నడుస్తుందని, జాగ్రత్తగా చూసుకోమని చెప్పి పోయాడు. ఆ మాట ఇంట్లో అందరి చెవుల్లోనూ పడింది. ఆ తర్వాత దవాఖానకు పోయాం. మెడ దగ్గర నరం తెగింది, ఎముక అతికినట్టు అది అతకదు అని అక్కడి డాక్టరు మా ఆయన ముఖం చూస్తూ చెప్పాడు. నా చెయ్యి గురించి నాకు చెప్పమని నేను అడిగాను. అప్పుడు నా వైపు తిరిగి మళ్లీ అదే మాట చెప్పాడు.

సరే, లేదంటే లేదు. గోడకు నడుం ఆనించి ఒక్క చేత్తో చీర కట్టుకోవడం నేర్చుకున్నాను. దారం ఒక కొస పళ్లతో పట్టి, టేకాకు పొట్లం కట్టడం నేర్చుకున్నాను. జడ మాత్రం మా తోటికోడలు వేసేది. నాలుగు వారాలు తిరక్కుండానే మళ్లీ చాప మీద కూర్చున్నాను. రెండు చేతులున్నవాళ్లు ఒక చేత్తో తరాజు ఎత్తిపట్టి, రెండో చేత్తో సరుకు వేస్తారు. నాకు ఆ వీలు లేదు. పళ్లేలు నేల మీదే పెట్టి, ఒకదానిలో బాట్లు, అంటే తూనికరాళ్లు, ఇంకోదానిలో బెల్లం వేసి, ఎడమచేత్తో ఎత్తి ముల్లు చూసేదాన్ని. తక్కువైతే దించి, ఇంకో ముక్క వేసి మళ్లీ ఎత్తేదాన్ని. దూలానికి తరాజు వేలాడదీస్తానని మా ఆయన అన్నాడు. వేలాడే తరాజులో ఏదో మోసం ఉంటుందని మా బజారులో ఒక అనుమానం ఉండేది. అందుకని నేను ఒప్పుకోలేదు.

అసలు తంటా తూయడంలో లేదు, ఇవ్వడంలో ఉంది.

మొదటి రోజు బోణీకి వచ్చినాయన మా వీధిలో పెద్దమనిషి. పావుసేరు బెల్లం అడిగాడు. తూచి, పొట్లం కట్టి, ఎడమచేత్తో ముందుకు చాపాను. ఆయన చేతులు చంకల్లో పెట్టుకుని పొట్లం వైపు చూస్తూ నిలబడ్డాడు. కోపంగా కూడా లేడు, పాపం, ఏం చేయాలో తోచక నిలబడ్డాడు. పొద్దున్నే ఎడమచేత్తో ఇచ్చింది ఎట్లా తీసుకుంటాడు? తలుపు చాటు నుంచి మా అత్త గొంతు వినపడింది. కుడిచేత్తో ఇవ్వమంటోంది. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టి లేపాను. ఆ అరచేతిని పొట్లం మీద ఆనించి, రెండింటినీ కలిపి ముందుకు తోశాను. ఆయన ముఖం విప్పారింది. తీసుకుని కళ్లకద్దుకుని పోయాడు.

సాయంత్రానికి బజారంతా ఆ ముచ్చటే. చెయ్యి పోయినా పద్ధతి పోలేదని నన్ను మెచ్చుకున్నారు. నేనూ పొంగిపోయాను. అప్పటి నుంచి పొట్లం ఇచ్చినా, చిల్లర ఇచ్చినా, పేరంటానికి వచ్చిన ముత్తైదువకు కుంకుమ ఇచ్చినా, ఇంటికొచ్చినవాళ్లకు మంచినీళ్లు ఇచ్చినా అదే వరస. ఎడమచెయ్యి ముందు కుడిచేతిని మోసుకొచ్చి కూర్చోబెట్టాలి, ఆ తర్వాత దాని పేరు మీద పని చేయాలి. పెద్దవాళ్లు ఎదురైతే దండం పెట్టడానికి కూడా దాన్ని లేపేదాన్ని. మట్టెవాడలో పెద్దవాళ్లకు కొదవ లేదు.

వానలు పడేటప్పుడు ఎడమ బొటనవేలి మొదట్లో నొప్పి మొదలైంది. తర్వాత మోచేతి పక్కన ఎముక మీద వేలు పెడితే ప్రాణం పోయేది. ఆ తర్వాత భుజం. తడిబట్ట పిండలేను. నీళ్ల చెంబు నిండుగా పట్టలేను. ఆ పక్కకు ఒత్తిగిలి పడుకోలేను. ఎవరికీ చెప్పలేదు. కట్లు కట్టేవాడు అన్న మాట అందరికీ గుర్తుందని నాకు తెలుసు. వాళ్లు ఎదురుచూస్తున్నది ఇదే అని కూడా తెలుసు. బుట్టల మధ్య ఏడ్చింది ఆ రోజుల్లోనే.

దాస్తే ఎన్నాళ్లు దాగుతుంది? ఒక పెళ్లివాళ్లకు తూస్తుండగా తరాజు నా చేతిలోంచి జారింది. పట్టు వదలాలని నేను అనుకోలేదు, వేళ్లే వదిలేశాయి. బాట్లు గడప మీద దొర్లాయి. బెల్లం ముద్దలు వీధిలోకి పోయాయి. పక్క దుకాణం ఆయన వచ్చి ముక్కలు ఏరి ఇస్తూ, మంచిమనిషే పాపం, అందరికీ వినపడేట్టు అన్నాడు.

"వాయువు ఆ చేతికి గూడ పాకిందమ్మా."

ఆ రాత్రి భోజనాల దగ్గర బావగారు మెల్లగా మాట మొదలుపెట్టాడు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచేవాడు కాదు. ఇక నేను లోపల ఉండాలని, జాతర సీజనుకు తన బావమరిదిని పిలిపించి ముందు దుకాణంలో కూర్చోబెడతానని చెప్పాడు. కూర్చుని తిను, నిన్నెవరు కాదన్నారు అన్నాడు. ఆ ఒక్క మాటకు నా ఒళ్లు మండింది. పని చేసి తిన్నదాన్ని, కూర్చుని ఎట్లా తింటాను? మా అత్త వైపు చూశాను. ఆమె ఏమీ అనలేదు. ఆమె తిట్టినా బాగుండేది. చివరికి మా ఆయనే, జాతరదాకా ఆగుదాం, అప్పటికి చెయ్యి సంగతి తేలుతుంది కదా అన్నాడు. బావగారు తల ఊపాడు.

జాతరంటే మాకు ఏమిటో చెప్పాలి. ఏడాది విడిచి ఏడాది మాఘమాసంలో మేడారం అడవిలో సమ్మక్క, సారలమ్మ గద్దెల మీదికి వస్తారు. ఆ తల్లులకు జనం ఇచ్చేది బెల్లం. దాన్ని బెల్లం అనరు, బంగారం అంటారు. గండం గడిస్తే మనిషి బరువుకు సమానంగా ఇస్తామని మొక్కుకుంటారు. అది నిలువెత్తు బంగారం. ముందు నెల నుంచే ఊళ్లకు ఊళ్లు బండ్లు కట్టుకుని మా వీధిలో ఆగుతాయి. పెద్ద కాంటాకు ఒక పక్క మనిషిని కూర్చోబెట్టి, ఇంకో పక్క బెల్లం వేస్తాం. మిగతా సరుకు బుట్టలకెత్తినా, మొదటి ముద్దను మాత్రం దుకాణదారు తన చేత్తో కొన్నవాళ్ల ఒళ్లో పెట్టాలి. అక్కడే మొక్కు మొదలైనట్టు లెక్క. ఆ నెల చాప మీద కూర్చోనివాళ్లు బెల్లం దుకాణం మనిషి కానట్టే. నన్ను ఆ నెలకు లేపేస్తే ఇక జన్మలో కూర్చోనివ్వరని నాకు తెలుసు.

మా ఆయన నన్ను హన్మకొండలో ఆడవాళ్ల దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడికి కొత్తగా ఒక డాక్టరమ్మ వచ్చింది. ఆమెది కోస్తా వైపు తెలుగు. పుస్తకం చదివినట్టు మాట్లాడేది. ముందు సూదితో నా ఎడమచేతి వేళ్లన్నీ ఒక్కొక్కటే గుచ్చింది. ప్రతి వేలుకూ నేను అబ్బా అంటుంటే ఆమె సంతోషపడింది. నా కుడిచెయ్యి ఏ సూదికీ పలకలేదు. ఇది ఆ జబ్బు కాదని, ఎడమచేతి నరాలు నిక్షేపంగా ఉన్నాయని చెప్పింది. మరి నొప్పి ఎందుకు పుడుతోందంటే వెంటనే చెప్పలేదు. పొద్దున లేచినప్పటి నుంచి ఏమేం చేస్తావో నా ముందు చేసి చూపించు అంది.

చూపించాను. బల్ల మీది మందుసీసాను బెల్లం అనుకున్నాను. తూచాను, దించాను, మళ్లీ ఎత్తాను, పొట్లం కట్టాను. తర్వాత మామూలుగా కుడి మణికట్టు పట్టి లేపి, అరచెయ్యి సీసా మీద పెట్టి ఆమె ముందుకు తోశాను.

"ఇదెందుకు?" అంది డాక్టరమ్మ.

"ఎడమ చేత్తోని ఎట్లిస్తమమ్మా?" అన్నాను. ఇంత చదువుకున్నామెకు ఇది కూడా తెలియదా అనిపించింది.

ఆమెకు తెలుసు. నా చేతుల వైపు చూసి, రోజుకు ఎంతమంది వస్తారని అడిగింది. లెక్క లేదన్నాను. అప్పుడు ఆమె అడిగింది.

"బరువులు తూచే మనిషివి కదా. ఆ చెయ్యి ఎంత బరువుంటుందో ఎప్పుడైనా చూశావా?"

నిమ్మకాయంత బెల్లాన్ని చూసి తూకం చెప్పేదాన్ని, నా ఒంటి మీద వేలాడే చెయ్యి ఎంతుంటుందో తెలియదు. ఇంటికి పోయి తూచుకోమంది. దాన్ని ఒక గుడ్డలో వేసి మెడకు కట్టుకోమని, ఎడమచేతికి కొన్ని వారాలు పూర్తిగా సెలవివ్వమని, ఉప్పు కాపడం పెట్టుకోమని చెప్పింది. రెండు చేతుల పని ఒక్కటే చేస్తూ, పైగా పని చేయని చేతిని మోస్తోంది, అలిసిపోయి వాచింది, అంతే అంది. నయమవుతుందా అని అడిగాను. నువ్వు నయం కానిస్తే అవుతుంది అంది.

దుకాణానికి వచ్చీ రాగానే మా ఆయన తలుపు దగ్గరికి వేశాడు. నేను పెద్ద కాంటా పక్కన కూర్చుని, పడిపోయిన చేతిని పళ్లెంలో పెట్టి, భుజం వదులుగా వదిలేశాను. ఆయన రెండో పళ్లెంలో బాట్లు వేయసాగాడు. పావుసేరు వేశాడు, ముల్లు కదల్లేదు. అద్దసేరు వేశాడు, కదల్లేదు. సేరు దాటింది. సేరున్నర దగ్గర ముల్లు మెల్లగా లేచి నిలబడింది. అది కూడా భుజం మోసేది భుజం మోయగా మిగిలిన బరువు.

"పావుసేరు బెల్లం అమ్ముటానికి సేరున్నర చెయ్యి లేపుతాన్ననా?" అన్నాను.

"గిట్లయితె దుకాణం దివాల తీసినట్టే," అన్నాడు ఆయన.

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. ఆయన అంతకంటే నవ్వాడు. లోపలి నుంచి తోటికోడలు వచ్చి, నా చెయ్యి కాంటాలో ఉండటం, మేమిద్దరం కళ్లనీళ్లు తుడుచుకోవడం చూసి, ఏ దయ్యమో పట్టిందనుకుని వెనక్కి పోయింది. ఎన్ని నెలల తర్వాత అంత నవ్వానో. నా చెయ్యి చచ్చిపోవడం లేదు. దాని మీద తెలివితక్కువ పని వేశాను, తీసేస్తే సరి. అంతకు మించిన సంతోషం నాకు నా పెళ్లినాడు కూడా కలగలేదని ఆయన ముందే అన్నాను. ఆయన ఏమీ అనుకోలేదు.

సెలవు ఇవ్వడం మాత్రం నరకం. పని లేకుండా కూర్చోవడం నా వల్ల కాదు. దుకాణంలో మా ఆయన కూర్చున్నాడు. తూకం సరిగ్గానే వేసేవాడు కానీ, బేరమాడేవాళ్లకు తలొంచేవాడు. లోపలి నుంచి వింటూ పళ్లు నూరేదాన్ని. అన్నం తినడానికి కూడా ఎడమచెయ్యి ఎత్తకూడదని మా అత్త పట్టుబట్టి, తనే కలిపి ముద్దలు పెట్టింది. చిన్నపిల్లకు పెట్టినట్టు పెట్టేది, పెడుతూ తిట్టేది. కూరలో ఉప్పు తక్కువైందంటే నోరు మూసుకుని తినమనేది, నోరు మూసుకుంటే ఎట్లా తినాలని నేననేదాన్ని. పగలు రెండు పూటలా ఉప్పు మూట వేడి చేసి మోచేతికి, భుజానికి కాపడం పెట్టేది. వాయువు మాట మాత్రం ఆమె నోటి వెంట ఒక్కసారి కూడా రాలేదు.

ఈలోగా మా ఆయన దుకాణం సర్దాడు. నేను ఇంతకుముందు వద్దన్న కొక్కేన్ని దూలానికి దిగ్గొట్టి తరాజు వేలాడదీశాడు. బాట్లు నేల మీది నుంచి తీసి, నడుం ఎత్తున పలక మీద వరుసగా పెట్టాడు. పెద్ద ముద్దలు పగలగొట్టే పని పొద్దున్నే తనే చేసేట్టు ఒప్పందం. నొప్పి పుట్టాక ఆగడం కాదు, పుట్టకముందే ఆగాలని డాక్టరమ్మ చెప్పింది. చలి మొదలయ్యేసరికి నిండు చెంబు ఎత్తగలిగాను. ఆ చెంబును ఇల్లంతా తిప్పి అందరికీ చూపించాను. బావగారికి రెండుసార్లు చూపించాను.

చాప మీదికి తిరిగి వచ్చిన రోజు కుడిచెయ్యి గుడ్డలో, మెడకు కట్టి ఉంది. దాన్ని లేపదలచుకోలేదు. మా అత్తకు ముందే చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు. ఇంట్లో ఏమైనా చేసుకో, దుకాణంలో ఎడమచెయ్యి సాగదు అంది. నేను వినలేదు. వచ్చినవాళ్లందరికీ ఒకటే మాట చెప్పాను. ఈ చేత్తోనే తూచాను, ఈ చేత్తోనే పొట్లం కట్టాను, ఈ చేత్తోనే ఇస్తాను, ఇష్టమైతే తీసుకోండి. కొందరు నా తూకం మీది నమ్మకంతో తీసుకున్నారు. తీసుకుంటూ అటూ ఇటూ చూసుకున్నారు. వీధిలో ఆ పెద్దమనిషి మాత్రం నన్ను దాటి పక్క దుకాణానికి పోయాడు. ఆయన్ను చూసి ఇంకొందరు పోయారు. ఒక్కోరోజు మధ్యాహ్నందాకా ఖాళీగా కూర్చునేదాన్ని. బాధ కలిగింది. కానీ మణికట్టు దగ్గరికి చెయ్యి పోనివ్వలేదు.

వాడకం బెల్లానికే ఇట్లా ఉంటే, తల్లి బంగారాన్ని ఎడమచేతి మీదుగా ఎవరు తీసుకుంటారు? బావగారు అదే అడిగాడు. చెయ్యి నయమైంది, కుడిచేతిని లేపనన్న మాట నిలబెట్టుకున్నాను, అయినా ఓడిపోతున్నానని అర్థమైంది. మాఘం దగ్గర పడగానే బావగారి బావమరిది పెట్టె సర్దుకుని దిగాడు.

బండ్లు మొదలైన రోజు వీధి నిండిపోయింది. ఎడ్ల మెడల్లో గంటలు, బండ్లలో కోళ్లు, పసుపు బట్టలు కట్టుకున్న ఆడవాళ్లు. బావమరిది చాప మీద కూర్చున్నాడు. నేను పక్కన నిలబడి, ఏ బుట్టలోది గట్టి బెల్లమో, ఏది తడిసిందో అతనికి చెబుతున్నాను. మా ఆయన కాంటా దగ్గర ఉన్నాడు. ఇంకా మొదటి బేరం కాలేదు.

అప్పుడు మా అత్త వీధిలో కనపడింది. పొద్దున్నే తలస్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని, నుదుట విభూతి పెట్టుకుని ఉంది. లోపలి నుంచి దుకాణంలోకి రావడానికి నాలుగడుగులు చాలు. ఆమె అట్లా రాలేదు. ఆ మోకాళ్లతో పెరటి వాకిలి నుంచి సందు చుట్టి వచ్చి, బండ్ల మధ్య నుంచి, కొనేవాళ్లతో పాటు మా దుకాణం ముందు నిలబడింది. జనం పెద్దావిడని దారిచ్చారు.

"నిలువెత్తు బంగారం తూయాలె," అంది.

బావమరిది నవ్వి, ఎవరిదని అడిగాడు.

"మా కోడలిది. తరాజు జారిన్నాడు మొక్కిన. ఎడమ చెయ్యి బతికిస్తె నిలువెత్తు ఇస్తనని తల్లికి మొక్కిన."

నాకు ఆ సంగతి తెలియదు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె ఎందుకు మాట్లాడలేదో అప్పుడు తెలిసింది. మా ఆయన వచ్చి నన్ను భుజం పట్టి కాంటా పళ్లెంలో కూర్చోబెట్టాడు. ఇన్నేళ్లు అందరినీ తూచినదాన్ని, నన్నెవరూ తూయలేదు. ఊళ్లవాళ్లంతా చూస్తుండగా రెండో పళ్లెంలో బెల్లం ముద్దలు పడుతున్నాయి. ముల్లు నిలబడ్డాక కూడా మా అత్త, ఇంకొకటి వెయ్యి, తల్లికి తక్కువ చేయకూడదు అంది. దిగాను. బావమరిది మొదటి ముద్ద తీసుకుని ఆమె ఒళ్లో పెట్టడానికి కుడిచెయ్యి చాపాడు. ఆమె కొంగు వెనక్కి తీసుకుంది.

"నువ్వు గాదు బిడ్డా. ఏ చెయ్యి కోసం మొక్కిన్నో ఆ చెయ్యే పెట్టాలె."

తర్వాత నా వైపు తిరిగి కొంగు రెండు చేతులతో చాపింది. వీధిలో నన్ను దాటిపోయిన పెద్దమనిషి పక్క దుకాణం ముందు నిలబడి చూస్తున్నాడు. నేను ఎడమచేత్తో ముద్ద ఎత్తాను. పెద్ద ముద్ద, మంచి బరువు. మోచెయ్యి ఒక్క మాట అనలేదు. ఆమె ఒళ్లో పెట్టాను. ఆమె దాన్ని కళ్లకద్దుకుంది. వెనకవాళ్లకు అడ్డం కాకుండా పక్కకు జరిగింది, అంతే.

ఆమె వెనక నిలబడ్డ పల్లెటూరి ఆడమనిషి ఒక అడుగు ముందుకు వేసి, నా ముందు కొంగు పట్టింది. ఆమె వెనక ముసలాయన భుజం మీది కండువా తీసి దోసిట్లో పరిచాడు. వాళ్ల వెనక ఇంకా చాలామంది. బావగారు కొట్లోంచి బయటికి వచ్చి చూశాడు. బావమరిదిని భుజం తట్టి లేపి, టోకు బేరాల దగ్గరికి తీసుకుపోయాడు. నేను చాప మీద కూర్చున్నాను, బండ్లన్నీ మేడారం పోయేదాకా లేవలేదు.